ఏడో నంబరుకు అందిన చీటీలు

గుర్రం మొహం చూసి చూడి నిలిచిందో లేదో చెప్పగల మనిషి ఈ భూమండలం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ వికారాబాద్ అవతల కొండ పక్కనున్న అశ్వ సంతాన పరిశోధన కేంద్రంలో నెల జీతానికి పనిచేస్తున్నాడు. ఈ సంగతి సదానందం స్వయంగా చెప్పాడు కాబట్టి అనుమానించాల్సిన పని లేదు. కేంద్రం చూడ్డానికి వచ్చిన పశువైద్య కాలేజీ పిల్లలు ముప్ఫై మంది నోట్‌బుక్కులు తెరిచి నిలబడితే, కంచె పక్కన గడ్డి నములుతున్న గోధుమరంగు గుర్రం కళ్లలోకి ఐదు నిమిషాలు చూసి, మెడ నిమిరి, "రాసుకోండి. మూడో నెల. పుట్టేది ఆడపిల్ల" అన్నాడు.

ఇరవై తొమ్మిది మంది రాసుకున్నారు. వెనక వరసలో ఒక అమ్మాయి మాత్రం రాయకుండా గుర్రం పొట్ట కిందికి వంగి చూసి, "సార్, ఇది మగది కదా" అంది.

మగదే. దాని పేరు భీముడు. విత్తులు తీసేసి కూడా ఆరేళ్లయింది. సదానందం మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "పరీక్ష పెట్టిన. ముప్ఫై మందిల ఒక్కరే పాసయిన్రు" అని ముందుకు నడిచాడు.

ఇరవై ఏడేళ్ల సదానందం అసలు పని గుర్రాల మెడ నరంలోంచి రక్తం తీయడం, ట్యూబుల మీద నంబర్లు రాయడం, సూదులు వేయడం. మిగిలిన సమయమంతా కేంద్రం పరువు తీయడానికి కేటాయించేవాడు. మేనమామ కూతురి పెళ్లుందని భీముడి పేరు మీద రెండు రోజుల సెలవు దరఖాస్తు పెడితే, ఆఫీసు వాళ్లు మంజూరు చేసి పంపించారు. ఎవరైనా తిట్టినా, తిట్లు పక్కింటి వాళ్లకన్నట్టు మర్యాదగా వినేవాడు.

కానీ అంసమ్మకు ఇచ్చిన గ్యారంటీ మాత్రం నవ్వులాటకు ఇచ్చింది కాదు. కొంప ముంచింది అదే.

అంసమ్మది తాండూరు. ఆమె గుర్రం పేరు జిలేబి. తెల్లటి పెళ్లి గుర్రం. దాని మీద ఎక్కిన పెళ్లికొడుకులందర్నీ వరసగా నిలబెడితే తాండూరు నుంచి జహీరాబాద్ దాకా వస్తారని అంసమ్మ అంచనా. భర్త పోయాక ఇల్లు గడిచింది జిలేబి వీపు మీదే. ఇప్పుడు దానికి పదిహేడేళ్లు, ముందుకాళ్ల మోకాళ్లు పట్టేస్తున్నాయి. దాని కడుపున ఒక తెల్ల పిల్ల పుడితే తప్ప అంసమ్మ ఇంట్లో ఆ పని ముందుకు సాగదు. నాలుగుసార్లు చూడి కట్టింది. నాలుగుసార్లూ మూడు వారాల లోపే పోయింది. "ఈ ఏడే ఆఖరు. వచ్చే ఏడు దీనికి కట్టే వయసు ఉండదు" అని డాక్టర్లు చెప్పేశారు. అప్పుడే ఈ కేంద్రం వాళ్లు, కడుపు నిలవని గుర్రాలు కావాలని పేపర్లో వేయించారు. అంసమ్మ వ్యానులో జిలేబిని ఎక్కించుకుని వచ్చేసింది. వచ్చిన రోజు నుంచి జిలేబి పేరు ఏడో నంబరు.

కేంద్రాన్ని నడిపే డాక్టర్ హైమవతిది తెనాలి. పన్నెండేళ్లుగా ఆమె ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. గుర్రం కడుపులో పిండం ఆరో రోజు నుంచి పదహారో రోజు దాకా ఒక్క చోట కుదురుగా ఉండదు. గర్భసంచిలో ఈ మూల నుంచి ఆ మూలకు, రోజుకు పదిసార్లు తిరుగుతుంది, హైదరాబాద్‌లో అద్దె గది వెతుక్కునే బ్యాచిలర్‌లాగా. అలా ఎందుకు తిరుగుతుంది? తిరిగిన ప్రతి చోటా చీటీలు పడేస్తుందని హైమవతి కనిపెట్టింది. అవి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, ఒక్కోటి ఇరవై రెండు అక్షరాలు. వాటితో ప్రొటీన్ తయారు కాదు, కండ పుట్టదు, ఎముక పుట్టదు. అందుకే చాలాకాలం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. వాటిలో ఉండేది ఒకే మాట. నేను వచ్చాను, నన్ను పంపించకు. పదహారో రోజుకు చాలినన్ని చీటీలు అందకపోతే గర్భసంచి ఎవరూ రాలేదనుకుని తలుపు తెరిచేస్తుంది. కడుపు పోతుంది.

హైమవతి ఆ చీటీలకు నకళ్లు తయారుచేయించింది. వాటిని కొవ్వు బుడగల్లో పెట్టి మందు చేసి, 'స్థిర' అని పేరు పెట్టింది. పదో రోజు మెడ నరంలోకి ఒక్క సూది. పిండం నీరసంగా ఉండి చీటీలు తక్కువ వేసినా, లోటు మందు పూడుస్తుంది.

పన్నెండు గుర్రాలు. ఆరింటికి స్థిర, ఆరింటికి ఉప్పునీళ్లు. దేనికి ఏదన్న జాబితా హైమవతి బీరువాలో. సూదులకు నల్ల టేపు చుట్టి, మీద గుర్రం నంబరు అంటించి ఇస్తుంది. వేసేవాడికి కూడా తెలియకూడదు. తెలిస్తే ప్రయోగం చెడిపోతుంది.

వేసేవాడికి తెలుసు. ఉప్పునీళ్లు నీళ్లలాగే ఉంటాయి, స్థిర పలచటి మజ్జిగలా ఉంటుంది. టేపు అంచు గోటితో లేపితే చాలు. ఏ గుర్రానికి ఏది పడిందో ముందే చెప్పి నస్రీన్‌ను బెదరగొట్టాలని సదానందం ఆ అంచులు లేపడం అలవాటు చేసుకున్నాడు. నస్రీన్ అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న మహబూబ్‌నగర్ అమ్మాయి. అతని మాటలు వేటినీ నమ్మదు, అందువల్ల బెదరలేదు కూడా.

కేంద్రంలోనే కట్టించాక జిలేబికి పదో రోజు వచ్చింది. అంసమ్మ తెల్లారేసరికి తాండూరు నుంచి బస్సులో వచ్చి, కొట్టం బయట బెంచీ మీద కూర్చుంది. సదానందం సూదుల ట్రే పట్టుకుని వెళుతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఈసారన్న నిలుస్తదా బిడ్డా?"

"నిలుస్తది పెద్దమ్మా. మొహం చూస్తేనే తెలుస్తాంది."

"నిజంగనా, లేకపోతే అందరికి చెప్పినట్టు నాక్కూడ చెప్తున్నవా?"

"గ్యారంటీ. రాసిస్త కావాలంటే."

ఆమె చెయ్యి వదిలేసి, కొంగుతో మొహం తుడుచుకుని, "నాలుగు ముద్దలు తిననీకి పోయొస్త. మూడు రోజుల సంది సయించలే" అంది. ఆమె క్యాంటీన్ వైపు నడుస్తుంటే సదానందం కొట్టంలోకి వెళ్లి ఏడో సూది టేపు లేపాడు. నీళ్లు. పదకొండో సూది చూశాడు. మజ్జిగ. పదకొండో నంబరు శంషాబాద్ దగ్గర పెద్ద గుర్రాల ఫారం వాళ్లది. వాళ్లకు అలాంటివి అరవై ఉన్నాయి. ఒకటి కట్టకపోతే వాళ్లింట్లో ఎవరికీ అన్నం సయించకుండా పోదు.

రెండు కాగితం ముక్కలు ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు అంటించడానికి పట్టింది అర నిమిషం. అతని జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు.

పద్నాలుగో రోజు స్కానింగు తెర మీద జిలేబి కడుపులో, పిండం పెరిగే నల్లటి గుండ్రటి నీటి బుడగ కనిపించింది. పదకొండో దానికీ కనిపించింది. హైమవతి తల ఊపి రాసుకుంది. ఫోనులో సంగతి విన్న అంసమ్మ ఆ బుడగ ఎంతుందని పదిసార్లు అడిగింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి సదానందం తన భార్య మానసకు చెప్పాడు. మానస ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ వింది.

"బుడగ కనవడ్డది. గుండె కొట్టుకునుడు ఇరవై అయిదో రోజుకు కనవడ్తది" అన్నాడు.

"మనకు కూడ గట్లనే చెప్పిన్రు" అంది మానస, పేపరు మీంచి తల ఎత్తకుండా.

పోయిన ఎండాకాలం వాళ్లకు తొమ్మిదో వారంలో కడుపు పోయింది. అది సరిగ్గా తయారవలేదమ్మా, అందుకే శరీరమే వదిలేసింది, నీ మంచికే అని డాక్టరమ్మ అంది. ఆ ఒక్క మాట మీద మానసకు ఇంకా కోపం తగ్గలేదు. "నా శరీరం నన్ను అడగకుండ ఎట్ల వదులుతది? నేనేమన్న పక్కింటిదాన్నా?" అని నెల రోజులు అడిగింది. సదానందం అడ్డదిడ్డంగా జోకులు వేశాడు. ఒక్క దానికి కూడా ఆమె నవ్వలేదు. అతని జోకు పండని చోటు ప్రపంచంలో అదొక్కటే.

ఇరవై ఐదో రోజు పదకొండో నంబరు కడుపులో గుండె మిణుకుమిణుకుమంది. ఏడో నంబరు కడుపులో బుడగ పెద్దదైంది, అంతే. లోపల ఎవరూ లేరు.

"ఇంకో రెండు రోజులు చూద్దాం" అంది హైమవతి.

ఇంకో రెండు రోజులు చూశారు. ఇంకో రెండు. ఖాళీ బుడగ. మామూలుగా అయితే అలాంటిది తనంతట తనే కరిగిపోతుంది, గుర్రం మళ్లీ ఎదకు వస్తుంది, మళ్లీ కట్టించవచ్చు. జిలేబి కడుపులోది కరగలేదు. ముప్ఫయ్యో రోజు ఎద తెప్పించే సూది వేశారు. ఏమీ కాలేదు. ముప్ఫై ఎనిమిదో రోజు మోతాదు పెంచి వేశారు. ఏమీ కాలేదు. గర్భసంచి కడిగారు. కడిగిన నీళ్లు వచ్చాయి కానీ బుడగ రాలేదు. కంచె అవతల నవాబు అనే మగ గుర్రాన్ని రోజూ పొద్దున అటూ ఇటూ తిప్పారు, జిలేబి కాస్తయినా తోక ఎత్తుతుందేమోనని. జిలేబి చెవులు వెనక్కి వాల్చి, నవాబు వైపు చూడను కూడా చూడలేదు. వారం తర్వాత నవాబే విసిగిపోయి కంచె చెక్క కొరకడం మొదలుపెట్టాడు. ఐదో సూదికి జిలేబి సదానందాన్ని తన్నింది. రెండు నెలల్లో ఆ గుర్రం మీద తేలిన స్పష్టమైన ఫలితం అదొక్కటే.

ఎద వచ్చే కాలం జారిపోతోంది. అంసమ్మ రోజూ పొద్దున ఏడున్నరకు ఫోన్ చేసేది.

"ఏమంటాంది నా బిడ్డ?"

"మంచిగనే ఉన్నది పెద్దమ్మా."

"మంచిగుంటే కడుపు ఎందుకు లేదు?"

దానికి సదానందం దగ్గర జవాబుంది. అందుకే చెప్పలేకపోయాడు.

హైమవతి గదిలో బోర్డు మీద 'ఏడు ఎందుకు?' అని ఎర్ర మార్కరుతో రాసింది. ఆ మార్కరు చెరిగే రకం కాదని తర్వాత తెలిసింది. రోజూ సాయంత్రం హైమవతి, నస్రీన్, సదానందం ముగ్గురూ దాని ముందు కూర్చునేవాళ్లు. నీళ్లా? దాణానా? పోయిన ఏడు వేసిన పురుగుల మందా? సదానందం అందరికంటే ఎక్కువ కారణాలు చెప్పేవాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడు అన్నాడు, కొండ మీది కోతుల అరుపులకు గుర్రం బెదిరిందన్నాడు, గడ్డిలో బూజు ఉందేమోనని మూడు వామి దొడ్లు తిరిగి సంచుల్లో గడ్డి పట్టుకొచ్చాడు. ఒక్కో కారణాన్నీ పరీక్షించి కొట్టేయడానికి నాలుగైదు రోజులు పట్టేది. తాను దాచిన వస్తువును ఊరందరితో కలిసి తానే వెతకడం ఎంత ఒళ్లు హూనమయ్యే పనో, అది చేసినవాడికి తప్ప తెలియదు.

"నీలో ఇంత బాధ్యత ఉందని నాకు తెలీదయ్యా సదానందం" అంది హైమవతి ఒక రోజు.

అతను ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

అతనికి మాత్రం విషయం మెల్లమెల్లగా అర్థమైంది. మొదట్లో, మందు వేసినా జిలేబికి అదృష్టం లేదని అనుకున్నాడు. తర్వాత ఎద తెప్పించే సూదులు ఆరోది, ఏడోది కూడా పారనప్పుడు అసలు సంగతి తెలిసొచ్చింది. జిలేబి కడుపున పడిన పిండం మొదటి నుంచీ సరైంది కాదు. చీటీలు వేసే శక్తి దానికి లేదు, గర్భసంచి తలుపు తెరిచి పంపించేసేదే. కానీ అతను వేసిన సూదిలోని కోట్ల చీటీలు ఒకే మాట చెప్పాయి, నన్ను పంపించకు అని. ఆ మాట నమ్మి గర్భసంచి గడియ పెట్టుకుని కూర్చుంది. లోపల ఎవరూ లేకపోయినా తియ్యదు. స్థిర మంచి పిండాన్ని నిలుపుతుంది, చెడ్డ పిండాన్ని కూడా అంతే గట్టిగా నిలుపుతుంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఈ భూమండలం మొత్తం మీద నిజంగానే ఒక్కడే ఉన్నాడు.

అరవయ్యో రోజు హైమవతి బీరువా తెరిచి జాబితా తీసింది. స్థిర పడిన ఆరింటిలో ఐదు నిలిచాయి, పదకొండో నంబరు వాటిలో ఒకటి. ఉప్పునీళ్లు పడిన ఆరింటిలో రెండే నిలిచాయి. ఏడో నంబరుది ఉప్పునీళ్ల వరస.

హైమవతి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. రెండు నెలల్లో ఆమె వెనక్కి వాలడం అదే మొదటిసారి. "అమ్మయ్య. అయితే మందుకి సంబంధం లేదు. ముసలి గుర్రం, లోపల్లోపల ఏదో చెడింది. ఆవిడకి కబురు చేసి తీసుకెళ్లమనండి. రెండో విడత నలభై గుర్రాలతో పైసోమవారం మొదలెడదాం."

"మేడమ్, ఏడో నంబరు సంగతి ఇంకా తేలలే కదా" అంది నస్రీన్.

"ఉప్పునీళ్లతో ఏమౌతుందమ్మా? వదిలెయ్యి. రెండు నెలలు దాని వెనకే తిరిగాం."

సదానందం ఆ వారంలో ఐదుసార్లు ఆమె గది తలుపు దాకా వెళ్లాడు. మొదటిసారి ఆమె ఫోనులో ఉంది. రెండోసారి వెళితే, అప్పుడే తెనాలి నుంచి వచ్చిందని జున్ను పెట్టింది, నోట్లో జున్ను పెట్టుకుని ఆ మాట చెప్పడం కుదరలేదు. మూడోసారి లోపల పేపరు వాళ్లున్నారు. నాలుగోసారి తలుపు కొట్టి, ఆమె "ఆఁ" అనగానే, ట్యూబులు అయిపోయాయని చెప్పి వచ్చేశాడు. ఐదోసారి తలుపు కొట్టలేదు.

పేపరు వాళ్లు రాసింది ఆదివారం వచ్చింది. సదానందం స్నానం చేసి వచ్చేసరికి మానస ఆ పేజీ కత్తిరించి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెడుతోంది. గుర్రాల్లో విజయం, రేపు ఆడవాళ్లకు కూడా ఆశ అని పైన పెద్ద అక్షరాలు.

"నువ్వు నాకు ఇది చెప్పనేలేదు" అంది.

"ఏది?"

"గీ మందు మనుషులకు కూడ వస్తదంట కదా. మీ మేడమే అన్నది." ఆమె గొంతులో చాలా నెలల తర్వాత తొందర వినిపించింది. "ఇంకెన్నేండ్లు పడ్తది? నీకు తెల్సు కదా, లోపట ఉన్నోనివి."

"గుర్రాలదే తేలలే మానసా."

"అయిదు నిలిచినయంట. ఇంకేం తేలాలె?" అతని మొహం వైపు చూసింది. "నిలుస్తదంటె నేను ఎన్ని సూదులైన పొడిపించుకుంట. ఈసారి అది పోతనన్నా నేను పోనియ్య."

సదానందానికి ఖాళీ బుడగ కళ్ల ముందు కదిలింది. ఏదైనా జోకు వేద్దామని నోరు తెరిచాడు.  బనీను తిరగేసి తొడుక్కుని, అలాగే బయటికి వెళ్లి, పాలవాడికి తిరిగి ఇవ్వాల్సిన ఖాళీ సీసాలు అనవసరంగా కడిగాడు.

రక్తంలోని చీటీలు చదివే యంత్రం కేబులును కొండ మీది కోతులు కొరికేసి రెండు నెలలైంది. విడిభాగం కోసం రాసిన ఉత్తరాలు ఒక పుస్తకమంత అయ్యాయి. ఆ భాగం శుక్రవారం వచ్చింది. వదిలెయ్యమన్నారు కాబట్టి నస్రీన్ వదల్లేదు. ఫ్రీజర్‌లో దాచిన జిలేబి పన్నెండో రోజు రక్తం తీసి యంత్రంలో పెట్టింది. దాంతోపాటు మిగతా పదకొండు గుర్రాలవి కూడా పెట్టింది.

శనివారం పొద్దున పది గంటలకు అంసమ్మ వ్యాను తీసుకుని వచ్చింది. హైమవతి గదిలో కుర్చీ అంచున కూర్చుని, గుర్రాన్ని అప్పగించే కాగితం మీద వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపింది. సదానందం ఇంకు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటికి తీసుకుపోయి ఏంజేస్తరు పెద్దమ్మా?"

"ఇంటికెందుకు? జహీరాబాద్‌ల గుర్రాల బేరగాడున్నడు. అటే తోలుకపోయి దించుత." ఆమె చాపిన చెయ్యి అలాగే ఉంచింది. "తప్పు దాంట్లనే ఉన్నదని మేడమ్ చెప్పిన్రు కదా. కట్టకపాయె, ఎదకు రాకపాయె, మోకాళ్లు లేకపాయె. పదిహేడేండ్లు సాకిన. నా బిడ్డల తప్పు ఉన్నదని వినాల్సొచ్చింది."

అప్పుడే నస్రీన్ ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలికి వచ్చింది. తలుపు కొట్టలేదు.

"మేడమ్, జర ఇది చూడండి. మనం తయారుచేసిన చీటీలకు తోక ఉంటది కదా, తొందరగ చిరగకుండ అని రెండక్షరాలు ఎక్కువ పెట్టినం. ఏ గుర్రానికీ పుట్టుకతోని అది ఉండదు."

"తెలుసమ్మా, పెట్టింది నేనేగా. ఏమైంది?"

"ఏడో నంబరు రక్తంల తోకలున్నయి. కుప్పలుకుప్పలు. పదకొండో దాంట్ల ఒక్కటి కూడ లేదు."

 హైమవతి కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగి, కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. తర్వాత సదానందం వైపు తిరిగింది.

"రక్తం ట్యూబుల మీద నంబర్లు రాసింది నువ్వే కదా? ఏడూ పదకొండూ తారుమారు చేసుంటావు."

అది ప్రశ్న కాదు, దారి. అవును మేడమ్ అంటే అయిపోతుంది. ఒక పూట తిట్లు, ఒక సంజాయిషీ కాగితం. సోమవారం నలభై గుర్రాలు. తర్వాత ఎన్నో ఏళ్లకు, ఏదో ఆసుపత్రిలో, చెయ్యి చాచి కూర్చునే మానస. సదానందం నోరు 'అవు' దాకా వచ్చింది కూడా.

"ట్యూబులే అయ్యుంటయి" అన్నాడు. "ఆ రోజు కరెంటు లేకుండె. చీకట్ల రాసిన."

"అబద్ధం సదా భాయ్" అంది నస్రీన్. కోపంగా కాదు, అలసటగా. "పన్నెండో రోజు మధ్యాహ్నం తీసిన రక్తం. టైము నువ్వే రాసినవు. పైగా ఏడో నంబరు ట్యూబుల ఉన్నది జిలేబి నెత్తురేనని డీఎన్‌ఏ చూసినంకనే నేను లోపటికి వచ్చిన."

హైమవతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "సదానందం. నేను అడిగేది జాగ్రత్తగా విను. ఆ గుర్రానికి పడింది స్థిరే అయితే, గర్భసంచికి గడియ పెట్టింది మన చీటీలే. వాటిని విరిచే చీటీలు నేను రాయగలను, టైము పట్టచ్చు, పనిచెయ్యకపోనూ వచ్చు, కానీ ప్రయత్నం చెయ్యగలను. స్థిర కాకపోతే నేను దేనికని రాయను? ఇప్పుడు చెప్పు. ఏం మారాయి?"

సదానందం ఇంకు డబ్బా మూత పెట్టాడు. సరిగ్గా పడలేదు. మళ్లీ తీసి పెట్టాడు.

"ట్యూబులు మారలే మేడమ్. సూదులు మార్చిన. ఏడుది పదకొండుకు, పదకొండుది ఏడుకు. టేపు లేపి చూసి మార్చిన."

హైమవతి బోర్డు మీద ఎర్ర అక్షరాల వైపు ఒకసారి చూసి, సోమవారం గుర్రాల జాబితా ఫైలు మూసింది. పన్నెండేళ్ల పని మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది.

అంసమ్మకు మాటలన్నీ అర్థం కాలేదు, కావలసింది అర్థమైంది. "అంటే నా జిలేబిల తప్పు లేదా?"

"లేదు పెద్దమ్మా. అది నాలుగుసార్లు చేసినట్టే ఈసారి కూడ తనంతట తనే కడుపు ఖాళీ చేసుకునేది. మళ్లీ ఎదకు వస్తుండె, ఇంకో అవకాశం ఉండె. నేనేసిన సూదితోని ఆగిపోయింది."

"రెండు నెల్లు నేను ఫోన్ చేసినప్పుడల్ల నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎందుకు మార్చినవు?"

"మీరు అన్నం తింటలేరని. జాలయింది."

అంసమ్మ అతన్ని కాసేపు కింద నుంచి పైకి చూసింది, సంతలో గుర్రాన్ని చూసినట్టు. "జాలిపడ్డోడు అయ్యో అంటడు. బస్సు కిరాయి ఇస్తడు. దొంగతనం చెయ్యడు. సరింగ చెప్పు."

సదానందం తల దించుకున్నాడు. రెండు నెలలుగా తనకు తాను చెప్పుకున్న కథ అదే, జాలి అని. ఆమె ముందు అది నిలబడలేదు.

"గ్యారంటీ ఇచ్చిన కదా పెద్దమ్మా. టేపు లేపితే నీళ్లు కనవడ్డయి. నా మాట ఉత్తదైతదని అనిపించింది. జిలేబి కోసం కాదు, మీ కోసం కాదు. నేను చెప్పింది నిజం కావాలని మార్చిన. నాకు మొహం చూసి చెప్పుడు రాదు. ఎవ్వలికీ రాదు."

అంసమ్మ లేచింది. తన్నుతుందేమోనని అతను కొంచెం ఆశపడ్డాడు కూడా. ఆమె వేలిముద్ర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, హైమవతి ముందు ఉంచింది. "నా గుర్రం ఈడనే ఉంటది మేడమ్. మీరు కట్టిన ముడి, మీరే ఇప్పాలె. నేను గూడ ఈడనే ఉంట, ఆ కొట్టంల. ఈయన మాత్రం దాని దగ్గరికి రావొద్దు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆ సూది ఇంకెవరికన్న పొడుస్తరా?"

"సోమవారం నలభై గుర్రాలకి వెయ్యాలి. వెయ్యం" అంది హైమవతి. ఫైలు సదానందం వైపు తోసింది. "నలభై మందికీ నువ్వే ఫోన్ చెయ్యి. ఎందుకు ఆపామో నీ నోటితోనే చెప్పు. తర్వాత నీ సంగతి చూస్తాను."

ఫైలు తీసుకుని వరండాలోకి వచ్చాడు. వెనకే నస్రీన్ వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది, ఈసారి ఒక్క మాట కూడా వదిలేది లేదన్నట్టు. మొదటి పేరు ఎవరో నారాయణపేట ఆయనది. సదానందం ఆ నంబరు సగం నొక్కి, చెరిపేసి, వేరే నంబరు నొక్కాడు.

"ఎవరికి చేస్తున్నవు?"

"జాబితాల లేనామెకు."

అవతల పిల్లల గోల, సుద్దముక్క గీసిన చప్పుడు, తర్వాత మానస గొంతు. "ఏంది, క్లాసుల ఉన్న."

"బయటికి రా మానసా. ఆ ఫ్రిజ్ మీది కాగితం గురించి చెప్పాలె. ఆ మందు ఏం చేస్తదో నాకు ముందే తెల్సు. దాచిన. ఎట్ల తెల్సిందో, ముందు అది చెప్తా. నేనొక పని చేసిన."